బుడగా, నలుసా

సుందరమ్మకు అనుమానం జాస్తి అని అత్వెల్లి ఊర్ల అందరికీ ఎరుకే. చర్చిల అందరూ కండ్లు మూసుకొని ప్రార్థన జేస్తుంటె ఆమె ఒక కన్ను సగం తెరిచే ఉంచుతది. దుకాణంల నీళ్ళసీసా కొంటె మూత తీసేముందు తలకిందులు జేసి వెల్తురుకు పట్టి సూస్తది. మొగడు దానియేలు నవ్వుతడు గని, నవ్వి లాభమేంది? పదకొండేండ్ల సంది ఆమెకు జీతమిచ్చేదే అనుమానపడినందుకు.

శామీర్‌పేట దారిల ఉన్న ఇంజక్షన్ల కంపెనీల ఆమెది సూపు పని. బొటనవేలంత గాజుసీసా, దాన్ని వయల్ అంటరు, దాంట్ల నీళ్ళలెక్క తేటగ మందు. ముంగట లైటు, లైటు ఎనుక సగం తెల్లబోర్డు, సగం నల్లబోర్డు. వయల్‌ను మెడ కాడ పట్టుకొని మెల్లగ ఒక సుట్టు తిప్పాలె. తెల్లబోర్డు ముంగట ఐదు లెక్కవెట్టే దాక, నల్లబోర్డు ముంగట ఐదు లెక్కవెట్టే దాక సూడాలె. చెయ్యి అదిరితె లోపల బుడగలు లేస్తయి. బుడగను సూసి నలుసనుకుంటె మంచి మందు రిజెక్టు డబ్బల వడ్తది. నలుసును సూసి బుడగనుకుంటె అది ఎవరి నరంల వడ్తదో యేసయ్యకే ఎరుక. కొత్తగ వచ్చినోళ్ళకు సుందరమ్మ ఒకటే ముచ్చట జెప్పేది. "తొందరవడకు. ఆగి సూడు. బుడగైతె పైకి పోయి మాయమైతది. నలుసైతె కిందికి దిగి ఆడ్నే ఉంటది."

ఇంకొకటి ఉన్నది. మంచి వయళ్ళ నడుమ కంపెనోళ్ళే పరీక్షకని నలుసులున్న దొంగ వయళ్ళు కలుపుతరు. ఏ ట్రేల ఉన్నయో, ఎన్ని ఉన్నయో ఎవరికీ తెల్వది. నెలల రెండు తప్పినయంటె కుర్సీ లేపి లేబుళ్ళు అంటిచ్చే కాడికి పంపుతరు. ఆడికి పోయినోళ్ళు మూడు నెలల్ల ఇంట్ల కూసుంటరు. ఇన్నేండ్లల్ల సుందరమ్మ ఒక్కటి తప్పలే.

గని రెండు నెలల సంది ఆమె మెడ ఎడమకు తిరుగుతలేదు. పక్కన కూసునే కమలాబాయి పిలిస్తె మెడ తిప్పకుండ కుర్సీతోటే తిరుగుతది. పొద్దుగాల జడేసుకుందామంటె చెయ్యి చెవు దాటి లేస్తలేదు. దానియేలే కొప్పు ముడుస్తున్నడు, మేడ్చల్ కోతమిషిన్ కాడ కట్టెలు కట్టేటి చేతులతోని. ఆయనకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెల్వది. తెలిస్తె లేబుళ్ళ కాడికే పోవాలె.

సోమారం పొద్దుగాల సూపర్‌వైజర్ బాలరాజు పన్నెండు మంది ఆడోళ్ళను చేతులు కడుక్కునే కాడ నిలవెట్టిండు.

"ఈ వారం ఫిజియోథెరపీ క్యాంపు వెట్టినం. టెన్షన్‌తోని మెడలు, నడుములు పట్టేస్తయి గదా, గాటికి. అల్వాల్ నుంచి మేడమ్ వచ్చింది. ఒక్కొక్కలకు ఇరవై నిమిషాలు. జీతం కోయరు. శనారం దాక ఉంటది."

బాలరాజు అటు పోయినంక, అందర్ల పెద్దది యాదవ్వ మాస్కు కిందికి గుంజింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దా? నిరుడు కమలకు జరమొస్తె సగం పూట సుట్టి ఇయ్యనోళ్ళు, ఇయ్యాల మన మెడలు పిసికిపిస్తరా?"

"ఎనుక షెడ్డుల చెక్కపెట్టె దిగింది, సూసిండ్రా?" సుందరమ్మ గొంతు తగ్గిచ్చింది. "అర్రంత ఉన్నది. వేరే కంపెనీలల్ల కెమెరా మిషిన్లే వయళ్ళు సూసుకుంటున్నయంట. గట్లాంటిది దిగితె పన్నెండు మంది ఎందుకిగ? నలుగురు సాలు. ఆ నలుగురిని ఎట్ల ఏరుతరు?"

ఏరుడు ఎట్లనో రోజూ బియ్యం ఏరే ఆడోళ్ళకు ఒకలు జెప్పాల్నా, చెడ్డదాన్ని ముందుగల తీసేసుడే. అందరూ ఒకల మొకం ఒకలు సూసుకున్నరు.

మొదటి వంతు యాదవ్వదే. ఇరవై నిమిషాలకు వచ్చి జెప్పింది. ఆ మేడమ్ కాడ ఒక కాయితమున్నది. దాని మీద మనిషి బొమ్మ, ముందటిది ఒకటి, ఈపుదొకటి. పైన పేరు, కంపెనీ నంబరు. ఏడ నొప్పి ఉంటె ఆడ ఎర్రపెన్నుతోని సున్న సుడ్తదంట.

"మరి నువ్వేం జెప్పినవ్?"

"ఇంక ఏం జెప్పలే. ఆలోచించి జెప్తనన్న."

"ఇంక ఆలోచనేంది?" అన్నది సుందరమ్మ. "ఎర్రసిరా వడ్డ కాయితం రిజెక్టు డబ్బలకే. ఆ మేడమే దొంగ వయల్. మనల్ని పట్టనీకి మన నడుమ కలిపిండ్రు. ఏడ నొప్పి అంటె ఏడా లేదనుండ్రి. పన్నెండు మంది ఒక్క మాట మీదుండాలె."

ఆ మాట అందరికీ సక్కగ ఎక్కింది. ఎందుకెక్కదు, రోజూ తినే తిండి అదే గదా.

*

మంగళారం సుందరమ్మ వంతు. ఫస్టెయిడ్ రూంల ఒక మంచం, ఒక బల్ల, రెండు కుర్సీలు. అశ్రిత అనే ఆ పిల్లకు పాతికేండ్లు ఉంటయో లేవో. చేతిగోర్లు మొదటికి కత్తిరిచ్చి ఉన్నయి. సుందరమ్మ ముందుగల అవే సూసింది.

"ఏడన్న నొప్పా అమ్మా?"

"లేదు."

"మెడ?"

"మెడ మంచిగనే ఉన్నది. భుజాలు గూడ మంచిగనే ఉన్నయి."

భుజాల సంగతి ఆ పిల్ల అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటె భుజాలు తడుముకున్నట్టయింది. అశ్రిత నవ్వలే. బొమ్మను తెల్లగనే ఇడిసిపెట్టి, "సరే అమ్మా, నొప్పి లేకున్నా ఒకసారి సూస్త" అని ఎనుకకు వచ్చింది. రెండు చేతులు రుద్ది వేడి జేసుకొని, మెడకూ భుజానికీ నడుమ బొటనవేలు వెట్టింది. ఎతుకలే, తడుమలే. సక్కగ ముడి మీదనే వెట్టింది. సుందరమ్మకు ప్రాణం జివ్వుమన్నది గని నోట్లెకెల్లి సప్పుడు రానియ్యలే.

"మీరు పని ఎట్ల జేస్తరో సూపియ్యుండ్రి" అని అశ్రిత ఒక చిన్న మందుసీసా చేతికిచ్చింది.

ఇగో, పరీక్ష మొదలైంది అనుకున్నది సుందరమ్మ. సీసా లేపింది. తిప్పింది. ఐదు లెక్కవెట్టింది. అటు జరిపింది. ఐదు లెక్కవెట్టింది. దించింది.

"ఊపిరి ఆపిండ్రు" అన్నది అశ్రిత.

"ఏంది?"

"సీసా లేపినప్పుడు ఊపిరి ఆపిండ్రు. పండ్లు గట్టిగ పట్టుకున్నరు. దించినంక గని ఇడువలే. రోజుకు ఎన్ని సూస్తరు?"

"రెండు వేలు."

"అంటె రోజుకు రెండు వేల సార్లు." పిల్ల లెక్కను ఆడ్నే ఇడిసిపెట్టింది. "ఎముకల ఏం ఉన్నట్టు లేదమ్మా. దెబ్బ పడ్తదని భయమైతె మనిషి భుజాలు చెవుల దిక్కు లేస్తయి. భయం పోయినంక దిగాలె. మీయి దిగుడు మర్సిపోయినయి."

"నాకెందుకు భయం?"

అశ్రిత సుందరమ్మను బోర్ల పండవెట్టి, "ఊపిరి మెల్లగ ఇడువుండ్రి" అన్నది. ఊపిరి ఇడుస్తుంటె వేలు లోపలికి దిగింది, తీసుకుంటుంటె ఆగింది. బలమేం వెట్టలే. కొద్దిసేపటికి ముడి మెత్తవడ్డది. తర్వాత కూసోవెట్టి నేర్పింది. గదవ లోపలికి గుంజాలె. భుజాలు చెవుల దాక లేపి, ఊపిరితోని పాటు దించాలె. పదిసార్లు. పండ్ల నడుమ నాలుక కొస వెట్టుకుంటె పండ్లు కలువయ్.

"ఇప్పుడు ఎడమకు సూడుండ్రి."

సుందరమ్మ మెడ తిప్పింది. ఎడమ గోడకు క్యాలెండర్ ఉన్నది. ఆ సంగతి వచ్చినప్పటి సంది ఆమెకు తెల్వనే లేదు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఎనుకనే కోపమొచ్చింది. ఇంత సులువుగ పోయేటి దానికి రెండు నెలలు నేనెందుకు ఏడిస్తి అని కోపం, ఈ పిల్ల చేతిల ఇంత సులువుగ వడితినే అని కోపం.

"ఏం రాస్తున్నవ్?"

"టైమమ్మా. వచ్చింది పదిన్నర, పోయింది పదీ యాబై."

"ఈ కాయితాలు ఎవరికిస్తవ్?"

"ఆఫీసుకు."

అగో, అనుకున్నది సుందరమ్మ.

సాయంత్రం ఇంట్ల దానియేలు పిలిస్తె, మనిషి తిరుగకుండ మెడ తిప్పి సూసింది. ఆయన తువ్వాల దులుపుడు ఆపిండు.

"ఏందే, మెడ తిరుగుతాంది?"

సంగతంత జెప్పింది. ఆయన ఇని, "మంచే జేసింది గదనే ఆ పిల్ల" అన్నడు.

"మంచి జేస్తెనే అనుమానం. గాలానికి ఎర గుచ్చుతరు గని మన్ను గుచ్చుతరా?"

"నీతోని యేసయ్య వచ్చినా పరేషానే" అని ఆయన మొకం కడగవోయిండు. సుందరమ్మ వంటింట్లకు పోయి, తలుపు దగ్గరికేసి, ఎవ్వలు సూస్తలేరని నిమ్మలమైనంక భుజాలు లేపుడు దించుడు పదిసార్లు జేసింది.

*

బుధారం బట్టలు మార్చుకునే కాడ కమలాబాయి గ్లౌజు తొడుక్కోలేక తిప్పలవడుతుంటె సుందరమ్మ సూసింది. కుడిచెయ్యి మూడు వేళ్ళు మడత వడ్తలేవు.

"అక్కా, తిమ్మిరెక్కుతున్నయి. వయల్ పట్టుకున్ననా లేదా తెలుస్తలేదు. ఒకనాడు చేతులకెల్లి జారితె?" కమలాబాయి గ్లౌజు పక్కకు వెట్టింది. "రేపు నా వంతు. ఆ మేడమ్‌కు జెప్పుదునా? నిన్నటి సంది నీ మెడ తిరుగుతాంది, పక్కన కూసొని సూస్తనే ఉన్న."

సుందరమ్మ ముందు ఇటు సూసింది, మల్ల అటు సూసింది. మెడ ఎంత సక్కగ తిరిగిందో.

"పిల్లల సాదుకోవాల్నా వద్దా? నీ ఒక్కదాని కాయితం ఎర్రగైతె నిన్నే ముందు ఏరుతరు. నోరు మూసుకో. గ్లౌజు నేను తొడుగుత దా."

ఒక్కొక్క వేలు సదిరి తొడిగింది. కమలాబాయి చెయ్యి ఆమె చేతుల చిన్నపిల్ల చెయ్యిలెక్క పడి ఉన్నది. మర్నాడు కమలాబాయి ఆ రూంల నుంచి వచ్చి, "లేదన్న అక్కా" అని కింది సూపుతోని జెప్పి పోయి కూసున్నది.

అదే మధ్యాన్నం ఎనుక షెడ్డుల చెక్కపెట్టె ఇప్పిండ్రు. మందులు సల్లగ వెట్టేటి అర్రకు పెద్ద ఫ్యాన్లు. యాదవ్వ మస్తు నవ్వింది. "నీ కెమెరా మిషిన్‌కు రెక్కలున్నయి కదనే సుందరీ." సుందరమ్మకు నవ్వు రాలే. అది కాకుంటె ఇంకొకటి వస్తది అన్నది. అనుమానం అంత జల్దీ సస్తదా?

శుక్రారం పొద్దుగాల నోటీసు బోర్డుకు కొత్త కాయితం అంటిచ్చి ఉన్నది. సుందరమ్మ పైకి సదివింది.

"ఫిజియోథెరపీ శిబిరం తొలి సమాచారం ప్రకారం, పరిశీలన విభాగంలో ఎవరికీ శారీరక ఇబ్బందులు లేవని తేలింది. కావున గంటకొకసారి ఇస్తున్న పది నిమిషాల విరామాన్ని సోమవారం నుంచి రెండు గంటలకొకసారిగా మార్చడమైనది."

ఆ పది నిమిషాలల్లనే వాళ్ళు కండ్లకు నీళ్ళు గొట్టుకుంటరు, గోడకు ఆనుకొని కండ్లు మూసుకుంటరు. యాదవ్వ కండ్లు అయితె ఆ పది నిమిషాల మీదనే నడుస్తున్నయి. అందరూ సుందరమ్మ దిక్కు సూసిండ్రు.

ఆమె సీదా ఫస్టెయిడ్ రూంకు పోయి తలుపు నూకింది.

"గిదేనా నువ్వు జేసింది?"

అశ్రిత లేచి నిలవడ్డది. నోటీసు ఆమె గూడ సూసినట్టున్నది, మొకం సిన్నవోయి ఉన్నది.

"నిన్న ఆఫీసోళ్ళు అడిగిండ్రు, ఎంతమంది నొప్పి జెప్పిండ్రని. ఒక్కలు గూడ జెప్పలేదన్న."

"అది అబద్ధం గాదా? నీ చేతికి తెల్వదా?"

"తెలుసమ్మా. మీ ముడి నా వేలికి తెలుసు. కమలాబాయి ఆంటీ వేళ్ళు గూడ తెలుసు. గని ఈ బొమ్మ మీద మీరు జెప్పిందే రాయాలె, నేననుకున్నది గాదు." ఆ పిల్ల ఫైలు దెచ్చి బల్ల మీద వెట్టింది. "మందు కొనే బయటిదేశం వాళ్ళు అడిగిన కాయితాలు ఇవి. సోమారం వాళ్ళ మనుషులు వచ్చి సూస్తరు. పనితోని నొప్పులున్నట్టు తేలితె రెస్టు పెంచాలె, కుర్సీలు మార్చాలె అని వాళ్ళ షరతు. నన్ను పిలిచింది గందుకే. కంపెనీకి మీ మీద ప్రేమ పుట్టి గాదు."

సుందరమ్మ ఒక్కొక్క కాయితం తిప్పింది. పన్నెండు కాయితాలు. ఒక్కదాని మీద సుక్క లేదు, మరక లేదు. పన్నెండు వయళ్ళు వరుసగ ఇంత సాఫుగ వస్తె ఆమె ఏనాడన్న నమ్మిందా? ట్రే ఎనుకకు పంపి మల్ల సూడుమనేది. ఈ పన్నెండింటిని సాఫు జేసింది మాత్రం తనే.

"ఇప్పుడు మార్చొచ్చా?"

"రేపు మూడు గంటలకు సంతకం వెట్టి ఇచ్చేస్త. అప్పటిదాక మీరొచ్చి జెప్తె మార్చుత. నా అంతట నేను మార్చరాదు."

"ముందుగల ఎర్రసిరా పడ్డదాని గతేంది? దాని నౌకరి ఉంటదా?"

"తెల్వదమ్మా."

ఏం గాదమ్మా, నేనున్న గదా అంటె సుందరమ్మ నమ్మకపోతుండె. తెల్వదన్నది గనుకనే నమ్మింది. దొంగ వయల్‌కు అంత నిజం జెప్పే ధైర్యం ఉండది.

*

శనారం పొద్దుగాల బట్టలు మార్చుకునే కాడ సుందరమ్మ అందరికీ జెప్పింది. తప్పు తనదేనన్నది. మూడింటిలోపల పోయి నిజం జెప్పుదామన్నది. యాదవ్వ టోపీల జుట్టు జొప్పుకుంట, ఆమె దిక్కు సూడకుండనే అన్నది.

"సోమారం లేదనుమన్నది నువ్వే, ఇయ్యాల ఉన్నదనుమనేది నువ్వే. నిన్న అర్ధగంట ఆ రూంల ఏం మాట్లాడినవ్?"

"జెప్పిన గదా అక్కా."

ఎనుకకెల్లి ఎవరో, "బాలరాజు సారు ఏమన్న ఆశ సూపిండో" అన్నరు. ఒకలిద్దరు నవ్విండ్రు. కమలాబాయి నవ్వలే. పదకొండేండ్లు ఒక్క గిన్నెల తొక్కు పంచుకున్న ఆడోళ్ళు. ఇప్పుడు వాళ్ళ కండ్లకు దొంగ వయల్ తనే. వాళ్ళను ఏమననీకుంది, ఆ సూపు నేర్పింది తనే గదా.

ఒంటిగంటకు క్యాంటీన్ల అందరూ డబ్బలు ఇప్పుకున్నరు. తలుపు కాడి బల్ల మీద బాలరాజు తింటున్నడు. సుందరమ్మ డబ్బ ఇప్పలే. అశ్రితను ఫైలుతోని ఆడికే పిలుచుకొచ్చింది. అందరికీ అగుపడేటట్టు నడిమి బెంచీ మీద కూసొని, టోపీ తీసింది. దానియేలు ముడిసిన కొప్పు ఒకపక్కకు ఒరిగి ఉన్నది.

"నా కాయితం తియ్యి బిడ్డా. పెన్నియ్యి."

ఎర్రపెన్ను తీసుకొని బొమ్మ మెడ మీద తనే సున్న సుట్టింది. రెండు భుజాల మీద రెండు. దవడ మీద ఒకటి.

"రాసుకో. మెడ ఎడమకు తిరుగక రెండు నెలలాయె. నువ్వు పట్టినంక కొద్దిగ తిరుగుతాంది. చెయ్యి లేవది, నా జడ మా ఆయన ఏస్తుండు. పొద్దుగాల లేస్తె దవడ తెరువరాదు, రాత్రంత పండ్లు కొరుకుతనంట. ఒక్క నలుసు తప్పితె నౌకరి పోతదని భయం, గా భయంతోనే గిదంత."

గొంతు తగ్గియ్యలే. బాలరాజు చెయ్యి కడగకుండనే వచ్చి నిలవడ్డడు.

"సుందరమ్మా, ఏంది గిది? మంగళారం ఏం లేదంటివి."

"అబద్ధం జెప్పిన సారు. గీళ్ళతోని గూడ నేనే జెప్పిచ్చిన."

"వచ్చే నెల మీ పని పరీక్షలున్నయి. ఎరుకేనా?"

"ఎరుకే."

బాలరాజు ఎడమచేత్తోని ఫోన్ తీసి దాంట్ల ఏదో కొట్టుకున్నడు. తన పేరే అని సుందరమ్మకు తెలుసు. ఆమె భుజాలు చెవుల దిక్కు లేసినయి. లేసినయని ఈసారి ఆమెకే తెలిసింది. ఊపిరి ఇడిసింది. కుడిది దిగింది, ఎడమది అట్లనే ఉన్నది. కాయితం కింద సంతకం వెట్టి, పెన్నుకు మూత వెట్టి బల్ల మీద వెట్టింది.

ఎవ్వలూ లేవలే. యాదవ్వ పెరుగన్నం కలుపుడు ఆపింది. ఎదురు బల్ల కాడికెల్లి కమలాబాయి రెప్ప ఎయ్యకుండ సుందరమ్మనే సూస్తున్నది. ఆ సూపు ఏందో సుందరమ్మకు తెల్వదా. ఐదు లెక్కవెట్టేటంత సేపు. మల్ల ఇంకో ఐదు. బాలరాజు పోయి కూసున్నడు. సుందరమ్మ మాత్రం లేవలే, ఎవ్వరినీ రమ్మనలే. ఆడ్నే కూసొని ఉన్నది.

కమలాబాయి లేచింది. నల్లా కాడ చెయ్యి కడుక్కొని, కొంగుకు తుడుసుకొని, వచ్చి సుందరమ్మ పక్కన బెంచీ మీద కూసున్నది. కుడిచెయ్యి తీసి ఫైలు మీద వెట్టింది.

"మూడు వేళ్ళు, బిడ్డా. సచ్చినట్టే ఉంటయి. పెన్ను పట్టుకుంటె జారుతది, సున్నలు నువ్వే సుట్టు."